సి-షిఫ్టుకు వెళ్లినవాడి ఇంటికి కాపలా

రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి విశాఖలో కూర్మన్నపాలెం జంక్షన్ దగ్గర బళ్లన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. ముందు సంచీలో క్యారియరు, తలకు హెల్మెట్టు, జేబులో గేటు పాసు. స్టీల్ ప్లాంటులో సి-షిఫ్టు పదింటికి ఎక్కి తెల్లారి ఆరింటికి దిగుతుంది. పోర్టులో, షిప్‌యార్డులో, మల్కాపురం రిఫైనరీలో, పరవాడ ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్ల బతుకూ ఇంచుమించు ఇదే గడియారం మీద నడుస్తుంది. వెళ్లేవాడు లోపలినుంచి గడియ పడిన చప్పుడు విని బండి స్టార్ట్ చేస్తాడు. ఆ రాత్రికి ఇంటికి ఉన్న కాపలా ఆ గడియే.

నేనూ ముప్ఫై ఏళ్లు షిఫ్టులు చేసినవాణ్నే. ఒకనాడు సి-షిఫ్టు దిగి, నిద్ర పట్టక, పదకొండు గంటలప్పుడు వరండాలో టీ తాగుతూ కూర్చున్నాను. ఎదురు వరసలో మూడో ఇంటి ముందు ఆటో ఆగింది. ఇద్దరు కుర్రాళ్లు టీవీ, ఒక సూట్‌కేసు, గ్యాస్ సిలిండరు దించి ఆటోలో పెట్టుకున్నారు. ఒకడు నన్ను చూసి తల ఊపాడు కూడా. ఇల్లు మారుతున్నారేమో అనుకున్నాను. సాయంత్రం ఆ ఇంటావిడ ఆఫీసు నుంచి వచ్చి తాళం పగిలి ఉందని గోల పెట్టాక తెలిసింది నేను చూసిందేమిటో. ఎస్ఐ గారు వచ్చి ఆటో నంబరు అడిగారు, చూడలేదన్నాను. ఎటు వెళ్లిందన్నారు, గుర్తు లేదన్నాను. పట్టపగలు, ఎదురుగా, కళ్లు తెరిచి కూర్చుని నేను చేసిన కాపలా అది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు కదా, మా వీధిలో ఆ తర్వాత మీటింగు పెట్టుకుంది అచ్చం అలాగే.

ఆ మీటింగులో నాకు అర్థమైంది ఒక్కటే. మా వీధిలో ఎవరు ఏ షిఫ్టులో ఉన్నారో, ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో దొంగకు తెలిసినంతగా మాకు తెలియదు. ఈ వ్యాసం ఆ లోటు తీర్చుకోవడం గురించి. పెద్ద కార్యక్రమాలూ, టీషర్టులూ, బ్యానర్లూ అక్కర్లేదు. చూడటం, రాసుకోవడం, చెప్పడం మన పని. పట్టుకోవడం పోలీసు పని. ఈ గీత చెరిగిన చోటల్లా ఏం జరిగిందో తర్వాత చెబుతాను.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఊళ్లో తలారి ఉండేవాడు. పట్నం వచ్చాక నెలకింత అని తీసుకుని ఈల ఊదుతూ తిరిగే గూర్ఖా ఉండేవాడు. అమెరికాలో షెరీఫుల జాతీయ సంఘం 1972లో ఇరుగుపొరుగు నిఘాను ఒక కార్యక్రమంగా మొదలుపెట్టింది. ఇంగ్లండులో 1982లో మోలింగ్టన్ అనే చిన్న పల్లెతో అది పాకింది. కేరళలో 2008 నుంచి జనమైత్రి అనే పోలీసు కార్యక్రమం నడుస్తోంది. ఉమ్మడి రాష్ట్రంలో మన పోలీసులూ మైత్రి కమిటీలు వేశారు. కమిటీ కాగితం మీద మిగిలిపోయిన చోట్లు ఎక్కువే. కారణం నాకు తెలిసి ఒకటే, ఆ కమిటీల్లో పలుకుబడి ఉన్న పెద్దమనుషులు కూర్చునేవాళ్లు, రాత్రి మేలుకుని ఉండేవాళ్లు కాదు.

అందుకే మీ వీధిలో మొదలుపెడితే మనుషులను జాగ్రత్తగా ఎంచుకోండి. షిఫ్టు చేసేవాళ్లు ఇద్దరు, ఇంట్లో ఉండే ఆడవాళ్లు ఇద్దరు, రిటైరైన ఒకాయన, అపార్ట్‌మెంటు వాచ్‌మన్. కిరాణా కొట్టు అతన్నీ, ఇస్త్రీ బండి అతన్నీ మరిచిపోవద్దు. మీ వీధి గురించి ఇస్త్రీ బండి అతనికి తెలిసినంత మీ అసోసియేషన్ అధ్యక్షుడికి తెలియదు. వాచ్‌మన్ విషయంలో ఒక మాట. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చి సెల్లారులో మెట్ల కింద కాపురం పెట్టిన భార్యాభర్తలను ఏదైనా పోయినప్పుడు మొదట అనుమానించేది మనమే, ఏమీ పోకుండా ఏళ్ల తరబడి చూసుకుంటున్నదీ వాళ్లే. వాళ్ల ఆధార్ కాపీ తీసుకుని స్టేషన్‌లో వివరాలు ఇవ్వడం పద్ధతి, చేయండి. ఏజెన్సీ ద్వారా గార్డును పెట్టుకుంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ చట్టం కింద ఆ ఏజెన్సీకి లైసెన్సు ఉందా అని అడగండి. ఆ తర్వాత ఆ మనిషిని మీటింగులో కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

ఈ ఏడెనిమిది మందీ కలిసి మీ పరిధి స్టేషన్‌కు వెళ్లాలి. గాజువాక, దువ్వాడ, స్టీల్ ప్లాంట్, న్యూపోర్ట్, మల్కాపురం, గోపాలపట్నం, ఏదైనా సరే, ముందు మీ వీధి ఏ స్టేషన్ కిందికి వస్తుందో ఖాయం చేసుకోండి. రోడ్డుకు ఇటు ఒక స్టేషన్, అటు ఒక స్టేషన్ ఉన్న చోట్ల రాత్రి రెండింటికి ఆ సంగతి తేల్చుకోవడం కష్టం. సీఐ గారిని కలిసి అడగవలసింది భారీ కోరికలు కావు. మా బీటు కానిస్టేబుల్ ఎవరు? ఫోన్ నంబరు ఏది? రాత్రి గస్తీ బండి మా వైపు ఏ వేళకు వస్తుంది? మా వీధిలో ఒక బీటు పాయింటు పెడతారా? గస్తీ తిరిగే కానిస్టేబుల్ వచ్చి సంతకం పెట్టే పుస్తకం బ్యాంకుల దగ్గర, గుళ్ల దగ్గర మీరు చూసే ఉంటారు. అలాంటిది మీ వీధి మలుపులో ఒకటి ఉంటే అతను వచ్చాడో లేదో మీకు తెలుస్తుంది, మీరు చూస్తున్నారని అతనికీ తెలుస్తుంది. వార్డు సచివాలయంలో ఉండే మహిళా పోలీసు నంబరు కూడా తీసుకోండి. స్టేషన్ గడప ఎక్కడానికి జంకే ఆడవాళ్లకు ఆమెతో మాట్లాడటం తేలిక.

ఇక షిఫ్టు చార్టు. అసలు కీలకం ఇక్కడే ఉంది. ఒక తెల్ల కాగితం మీద ఇంటి నంబరు, ఈ వారం ఏ షిఫ్టు, వీక్లీ ఆఫ్ ఎప్పుడు, ఇంట్లో ఎవరుంటారు, అవసరానికి ఎవరికి ఫోన్ చేయాలి అని రాయండి. షిఫ్టు మారినప్పుడల్లా చార్టు మారాలి. ఈ కాగితాన్ని వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. నలభై మంది ఉన్న గ్రూపులో పెట్టిన సంగతి నాలుగు వందల మందికి చేరుతుంది, అందులో ఎవరున్నారో దేవుడికే తెలియాలి. ముగ్గురి దగ్గర ఉంటే చాలు.

చార్టు గీశాక మీకే ఒక విషయం కనిపిస్తుంది. ఇంత మంది షిఫ్టుల్లో ఉన్న వీధిలో ఇరవై నాలుగు గంటల్లో చాలాసేపు ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. బి-షిఫ్టు దిగినవాళ్లు పదిన్నర, పదకొండుకు ఇల్లు చేరతారు. నేరుగా గుమ్మంలోకి దూరకుండా బండిని వీధి చివరిదాకా పోనిచ్చి తిరిగి వస్తే అదొక గస్తీ. దానికి పట్టేది రెండు నిమిషాలు. ఎ-షిఫ్టు వాళ్లు నాలుగున్నరకే లేచి లైటు వేస్తారు. ఐదింటికి పాల ప్యాకెట్లు, ముగ్గులు, వాకింగుకు బయల్దేరే రిటైర్డు మనుషులు. ఆరున్నరకు సి-షిఫ్టు వాళ్లు తిరిగొస్తారు. మిగిలే ఖాళీలు రెండు. ఒకటి రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా. పోలీసు గస్తీ బండి కావలసింది ఆ వేళకే, సీఐ గారిని అడగవలసిందీ ఆ వేళకే. రెండోది పగలు పదకొండు నుంచి మూడు దాకా. పిల్లలు బడిలో, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాల్లో ఉంటారు, సి-షిఫ్టు చేసినవాడు ఫ్యాను కింద ఒళ్లు తెలియక పడి ఉంటాడు. మా ఎదురు వరసలోని ఇంటి టీవీ పోయింది ఆ ఖాళీలోనే. అప్పుడు పనికొచ్చేది ఇస్త్రీ బండి, కిరాణా కొట్టు, వాచ్‌మన్ భార్య.

సంక్రాంతికి ఈ లెక్కలన్నీ తలకిందులవుతాయి. భోగికి రెండు రోజుల ముందు నుంచే గాజువాక సగం ఖాళీ. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల బస్సులు కిటకిటలాడతాయి. వీధిలో మిగిలేది సెలవు దొరకని షిఫ్టు మనిషి ఒక్కడే. తాళం వేసిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు ఉంది. ఫోన్‌లో యాప్ వేసుకుని ఇంటి చిరునామాతో నమోదు చేసుకుంటారు. ఊరెళ్లే తేదీలు చెబితే పోలీసులు వచ్చి ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా బిగిస్తారు. మీరు లేనప్పుడు లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూముకు సంకేతం వెళ్తుంది, దగ్గర్లోని గస్తీ బండి వస్తుంది. రూపాయి కట్టక్కర్లేదు. స్టేషన్ దగ్గర ఉండే కెమెరాలు మాత్రం లెక్కపెట్టినన్నే. బస్సు టికెట్టు తీసుకున్న రోజే వెళ్లి అడగండి, భోగి మంట వేసే రోజున కాదు. కెమెరా దొరక్కపోతే ఇంటి నంబరు, తేదీలు బీటు కానిస్టేబుల్‌కు రాసి ఇవ్వండి. గుమ్మం ముందు పేపర్లు, పాల ప్యాకెట్లు పేరుకోకుండా చూడమని ఉండిపోయే ఇంటివాళ్లకు చెప్పండి. ఊళ్లో గంగిరెద్దుతో దిగిన ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టడం తిరిగొచ్చాక కూడా చేయవచ్చు.

ఏం చూడాలో, ఎలా చెప్పాలో కూడా నేర్చుకోవాల్సిందే. "మన వీధిలో ఎవడో అనుమానంగా తిరుగుతున్నాడు, జాగ్రత్త" అన్న మెసేజి ఎవరికీ పనికిరాదు. "నల్లగా ఉన్నాడు, హిందీ మాట్లాడాడు" అన్నది సమాచారమే కాదు. ఈ ఊరు కట్టిందే బయటివాళ్లు. ప్లాంటులో, పోర్టులో, కొత్త అపార్ట్‌మెంట్ల పనుల్లో బిహారు, ఒడిశా, బెంగాలు వాళ్లు వేల మంది ఉన్నారు. మనిషి ఎలా ఉన్నాడన్నది కాదు, ఏం చేశాడన్నది చెప్పాలి. "రాత్రి 1:40. రెండో అడ్డవీధి, మామిడిచెట్టు ఇంటి ముందు. నంబరు ప్లేటు లేని నల్ల పల్సర్, ఇద్దరు. మూడు గేట్ల గొళ్లాలు తీసి చూశారు. హైవే వైపు వెళ్లారు." ఇది చాలు. ఇది ముందు వెళ్లాల్సింది 112కు, తర్వాత బీటు కానిస్టేబుల్‌కు, ఆ తర్వాతే గ్రూపుకు. మనవాళ్లు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు.

గ్రూపుల్లో తిరిగే మాట ఎంత దూరం పోతుందో 2018లో చూశాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ ఎక్కడెక్కడివో వీడియోలు రెండు తెలుగు రాష్ట్రాల్లో తిరిగాయి, ఏ పాపం తెలియని బాటసారులు దెబ్బలు తిన్నారు. దేశమంతా అలా ప్రాణాలు పోయాక ఆ జూలైలో వాట్సాప్ ఒకసారికి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది, సుప్రీంకోర్టు మూకదాడుల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. మన ఊళ్లోనే ఇంకొకటి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. తెల్లారేసరికి ఊరంతా ఒక యూట్యూబర్ పేరే. పోలీసులు అతన్ని అదుపులోకి తీసుకుని విచారించారు కూడా. తర్వాత సీసీ కెమెరా దృశ్యాలు వడపోశాక కథ మారిపోయింది. ఒక బోటులో కూర్చుని మందు తాగుతూ చేపలు వేపుకున్న ఇద్దరు, పక్క బోటులోని వలల మీద సిగరెట్టు ముక్క పడేయడంతో మంట రేగిందని చెప్పి పోలీసులు ఆ ఇద్దరినీ అరెస్టు చేశారు. కెమెరా లేకపోతే ఆ మొదటి పేరే మిగిలిపోయేది.

కెమెరాల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం ప్రకారం జనం గుంపుగా చేరే దుకాణాలు, ఆసుపత్రులు, హాళ్లు, గుళ్ల వంటివి సీసీ కెమెరాలు పెట్టుకుని 30 రోజుల ఫుటేజీ దాచాలి. ఇళ్ల వీధికి ఆ నిర్బంధం లేదు. పది ఇళ్లు చందా వేసుకుని రెండు కొసల్లో రెండు కెమెరాలు పెట్టుకుంటే చాలు. బండి నంబరు కనబడే ఎత్తులో పెట్టండి. మూడో అంతస్తు మీద పెడితే హెల్మెట్లు తప్ప ఏమీ కనిపించవు. ఎదురింటి గుమ్మమో, పడకగది కిటికీయో అందులో పడకూడదు. నెలకోసారి ఎవరో ఒకరు రికార్డింగ్ తీసి చూడాలి. హార్డ్ డిస్కు ఎప్పుడో పాడై ఉంటుంది, దొంగతనం జరిగిన రోజే ఆ సంగతి బయటపడుతుంది. కెమెరాలో తేదీ, సమయం సరిగ్గా ఉండాలి, పది నిమిషాల తేడా కోర్టులో పెద్ద తలనొప్పి. ఫుటేజీ పోలీసులకు ఇచ్చేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం అడుగుతారు. కెమెరా చూసుకునే మనిషి దాని మీద సంతకం పెట్టాలి, కంగారు పడాల్సింది లేదు.

కర్ర పట్టుకుని తిరుగుదామనే ఉత్సాహవంతులు ప్రతి వీధిలో ఇద్దరుంటారు. వాళ్లకు చట్టం వివరంగా చెప్పండి. కళ్లెదుట పెద్ద నేరం చేస్తున్నవాణ్ని మామూలు పౌరుడు కూడా పట్టుకోవచ్చు. కాని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. స్తంభానికి కట్టడం, కొట్టడం, వీడియో తీసి పెట్టడం ఆ హక్కులో లేవు. ఐదుగురు లేక అంతకు మించిన గుంపు కులం, మతం, భాష, పుట్టిన ప్రాంతం లాంటి కారణంతో మనిషిని చంపితే గుంపులో ప్రతివాడికీ ఉరి దాకా శిక్ష పడవచ్చు, తీవ్రంగా గాయపరిస్తే ఏడేళ్ల దాకా జైలు. ఉద్యోగం చేసుకునేవాడి మీద క్రిమినల్ కేసు పడితే గేటు పాసు దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా ఎక్కడెక్కడ అడ్డుపడుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అమెరికాలో 2012లో ఫ్లోరిడాలోని శాన్‌ఫర్డ్ అనే ఊళ్లో వీధి నిఘా చేస్తున్న ఒకాయన తుపాకి పట్టుకుని వెంటబడి, ట్రేవాన్ మార్టిన్ అనే పదిహేడేళ్ల కుర్రాణ్ని కాల్చి చంపాడు. ఆ కుర్రాడి చేతిలో ఆయుధమేమీ లేదు. వెంటపడవద్దని పోలీసు కంట్రోల్ రూము ఫోన్‌లో చెప్పినా ఆ మనిషి వినలేదు.

మన పక్క రాష్ట్రం పాఠం ఇంకో రకం. తమిళనాడులో 1993లో రామనాథపురం ఎస్పీగా ఉన్న ప్రతీప్ ఫిలిప్ ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ అనే వలంటీర్ల వ్యవస్థను మొదలుపెట్టారు. ఎంతో మంచి పేరు తెచ్చుకుంది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసు కస్టడీలో దెబ్బలకు చనిపోయినప్పుడు అందులో ఈ వలంటీర్ల పాత్ర ఉందన్న ఆరోపణలు రేగాయి. జూలైలో ప్రభుత్వం ఆ వ్యవస్థను నిషేధించింది. పోలీసుకు సమాచారం ఇవ్వడం వేరు, పోలీసు లాఠీ పుచ్చుకోవడం వేరు. స్టేషన్‌లో ఎవరినైనా ప్రశ్నిస్తుంటే పక్కన నిలబడవద్దు, రాత్రిపూట బళ్లు ఆపి కాగితాలు అడగవద్దు. పోలీసులే పిలిచి చేయమన్నా మర్యాదగా కాదనండి.

దొంగల సంగతి అటుంచితే, ఈ ఊళ్లో వీధి నిఘా అనేదానికి ఇంకా పెద్ద పని ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున మూడింటప్పుడు ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వీధుల్లోకి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. ఫ్యాక్టరీ సైరను మోగలేదు. జనాన్ని లేపింది పక్కింటివాళ్ల కేకలు, తలుపులు బాదిన పోలీసులు, స్పృహ తప్పిన మనుషులను భుజాన వేసుకుని మోసిన వీధి కుర్రాళ్లు. ఎవరి ఇంట్లో ఎంత మంది ఉన్నారో తెలిసినవాడు ఆ చీకట్లో ఎంత విలువైనవాడో ఆ రాత్రి తెలిసింది. మింది, శ్రీహరిపురం, మల్కాపురం, పెదగంట్యాడ, పరవాడ చుట్టుపక్కల ఉండేవాళ్లు షిఫ్టు చార్టులో ఇంకో గడి గీయండి. మంచం దిగలేని ముసలివాళ్లు, చంటిపిల్లలు, గర్భిణులు ఏ ఇంట్లో ఉన్నారు, సి-షిఫ్టు వారంలో వాళ్లను ఎవరు ఎత్తుకుంటారు. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా నడవాలని పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

అప్పుడు ఫోన్ పనిచేస్తుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. ఫోన్‌లో నంబర్లున్నా పిలవడానికి సిగ్నలు లేదు. షిఫ్టులో చిక్కుకున్నవాళ్లకు ఇంటి కబురు తెలియడానికి రోజులు పట్టింది. అందుకే కాగితం, ఈల, టార్చి, కలుసుకునే చోటు. గుడి అరుగో, స్కూలు గ్రౌండో, ఒక చోటు ముందే ఖాయం చేసుకోండి.

సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు ఈ పని అలవాటే. 2008 ముంబై దాడుల తర్వాత మెరైన్ పోలీసులు, కోస్ట్‌గార్డు మత్స్యకారులనే కళ్లుగా పెట్టుకున్నారు. కొత్త బోటు కనబడితే చెప్పాలని సాగర్ కవచ్ విన్యాసాల్లో వాళ్లకు చెబుతుంటారు. జాలారిపేట మనిషికి ఏ బోటు ఎవరిదో చూడగానే తెలుస్తుంది. మనకు మన పక్క ఫ్లాటులో ఉన్నదెవరో తెలియదు.

ఉద్యోగాల కోసం తిరిగే పిల్లలున్న ఇళ్లకు ఒక హెచ్చరిక. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. సింగపూరులో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, తలకు లక్షన్నర దాకా తీసుకుని, ఇక్కడి కుర్రాళ్లను బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు చేర్చారు ఏజెంట్లు. అక్కడ గదుల్లో పెట్టి, మన వాళ్లకే ఫోన్లు చేసి డబ్బు కొట్టేసే సైబర్ మోసాలు చేయించారు. ఆ ఏజెంట్లు ఎక్కడో లేరు, గాజువాక చుట్టుపక్కల వీధుల్లోనే తిరిగారు. ఎవరింటికి ఏజెంటు వస్తున్నాడో ఇరుగుపొరుగుకు తెలిసే ఉంటుంది. విదేశీ ఉద్యోగమంటే ఏజెంటు రిజిస్ట్రేషన్‌ను కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. అందులో పేరు లేకపోతే డబ్బు కట్టకండి, స్టేషన్‌లో ఒక మాట చెప్పండి. రిటైరై పీఎఫ్, గ్రాట్యుటీ చేతికొచ్చిన పెద్దాయనకు "డిజిటల్ అరెస్ట్" అంటూ వీడియో కాల్ వస్తే, అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదని పక్కింటివాళ్లు చెప్పగలగాలి. డబ్బు పోతే ఆ గంటలోనే 1930కు ఫోన్ చేయండి. గంజాయి అమ్మకం మీ సందులోకి వచ్చిందనిపిస్తే 1972కు. ఆ కబురు మీరు స్వయంగా వెళ్లి చెప్పి శత్రువులను తెచ్చుకోనక్కర్లేదు.

"చెబితే సాక్షిగా లాగుతారు, షిఫ్టు పోతుంది, జీతం పోతుంది" అనేది నేను ఎక్కువగా విన్న మాట. సగం నిజమే. ఎప్పుడు పిలిచినా స్టేషన్‌కు పరుగెత్తాల్సిన పని మాత్రం లేదు. సాక్షిగా రమ్మంటే లిఖితపూర్వకంగా ఇమ్మని అడగండి. ఆడవాళ్లను, పదిహేనేళ్ల లోపు పిల్లలను, అరవై దాటినవాళ్లను స్టేషన్‌కు పిలవకూడదు, ఇంటికే వచ్చి అడగాలి. దర్యాప్తులో మీరు చెప్పినది రాసుకున్న వాంగ్మూలం మీద మీ సంతకం తీసుకోకూడదు. కోర్టు సమన్లు వస్తే కాపీ తీసి ముందురోజే టైమ్ ఆఫీసులో ఇవ్వండి, హాజరైనట్టు కోర్టులో ధ్రువపత్రం అడిగి తీసుకోండి. సాక్షుల దారి ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది, అడగనివాళ్లకు ఎవరూ ఇవ్వరు. సూపర్‌వైజర్లు కూడా కొంచెం పెద్దమనసు చేసుకోవాలి, కోర్టుకు వెళ్లినవాణ్ని పని ఎగ్గొట్టినవాణ్ని చూసినట్టు చూడకూడదు.

పోలీసుల వైపు నుంచి మనకు రావలసినవీ ఉన్నాయి. ఫిర్యాదు ఇస్తే ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి. ఫోన్‌లోనో మెయిల్‌లోనో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెడితే సరిపోతుంది. 90 రోజుల్లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో మీకు తెలియజేయాలి. "ఇంత చిన్న దొంగతనానికి కేసెందుకు" అని నన్ను ఒకసారి ఒక స్టేషన్‌లో తిప్పి పంపారు. అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడైతే అదే కాగితాన్ని పై అధికారికి పోస్టులో పంపుతాను, లేదా సోమవారం కమిషనర్ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్తాను. నెలకోసారి బీటు కానిస్టేబుల్‌ను మీ మీటింగుకు పిలిచి, గత నెల మీరు చేసిన ఫోన్లు, వాళ్లు వచ్చిన వేళలు ఒక నోటు పుస్తకంలో ఎదురెదురుగా రాసి చూపించండి. దెబ్బలాట అక్కర్లేదు, ఆ పుస్తకం చాలు. అతనికీ నైట్ డ్యూటీలే, అతని ఇల్లూ ఏ వీధిలోనో ఖాళీగా ఉంటుంది, ఒక టీ ఇచ్చి కూర్చోబెట్టండి.

మా వీధిలో ఇప్పటికీ నలభై ఇళ్లకు చార్టు మీద ఉన్నది ఇరవై ఆరే. మిగిలినవాళ్లు "చూద్దాం అన్నా" అంటారు. ఈ ఆదివారం మీకు ఆఫ్ అయితే కుడివైపు రెండు ఇళ్లు, ఎడమవైపు రెండు ఇళ్లు, ఎదురుగా ఒకటి, ఆ ఐదింటి షిఫ్టులూ ఫోన్ నంబర్లూ ఒక కాగితం మీద రాసుకోండి. స్టేషన్‌కు వెళ్లడం వచ్చే వారం చూసుకోవచ్చు.